అవ్వ పెట్టిన ఒట్టు, దిండోరి ద్రాక్షతోట

మా ఇంటి సంగతుల్లో ఇప్పటిదాకా మగ్గాల గురించి రాశాం, చద్దర్ల గురించి రాశాం, నారళీ పున్నమ నాడు సోలాపూర్ వీధుల్లో సాగే మార్కండేయుని రథం గురించి రాశాం. తాగుడు గురించి మాత్రం ఎన్నడూ రాయలేదు. ఇంట్లో ఆ మాట ఎత్తితేనే అమ్మ లేచి వంటింట్లోకి పోతుంది. ఈసారి రాయక తప్పదు. ఎందుకంటే మొన్న ఫిబ్రవరిలో మేమందరం కలిసి, డెబ్బై ఎనిమిదేళ్ల బాపును కూడా వెంటబెట్టుకుని, నాసిక్ దగ్గర దిండోరి తాలూకాలో ఒక వైన్ కార్ఖానా చూసి వచ్చాం.

ముందు ఒట్టు సంగతి చెప్పాలి.

మా ముత్తాతలు ధర్మపురి దగ్గరి పల్లె నుంచి బతుకుదెరువుకు సోలాపూర్ వచ్చారు. ఇక్కడి పద్మశాలి ఇళ్లలో చాలామటుకు ఇదే కథ. మగవాళ్లు మిల్లుకో మగ్గానికో, ఆడవాళ్లు బీడీలకు. బాపు వాళ్ల అన్న, మాకు పెద్దబాపు, మిల్లులో పని చేసేవాడు. మంచి పనిమంతుడని పేరు. మిల్లు మూతపడ్డాక ఊరికే కూర్చోలేక దేశీ దారూ దుకాణం పట్టాడు. మొదట సాయంత్రాలు, తర్వాత తెల్లారంగనే. పెద్దమ్మ పుస్తెలు పోయాయి, ఇంట్లో ఉన్న ఒక్క మగ్గం పోయింది. ఎన్నో రాత్రులు బాపు వెళ్లి అన్నను భుజాన వేసుకుని తెచ్చేవాడు. నలభై నాలుగేళ్లకే పెద్దబాపు పోయాడు. పెద్దమ్మ బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచింది.

దినాలు అయిపోయాక మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, కొడుకులను, కోడళ్లను, మనుమలను అందరినీ మార్కండేయుని పటం ముందు నిలబెట్టి చెయ్యి వేయించింది. "ఈ ఇంటోళ్లు తాగొద్దు. తాగేటోనికి పిల్లనియ్యొద్దు. తాగుడు సొమ్ము ఈ ఇంట్లకు రావొద్దు." మూడే మాటలు. మేమప్పుడు చిన్నపిల్లలం, అయినా ఆ గొంతు ఇంకా చెవుల్లో ఉంది.

మొదటి రెండు మాటలు నిలబెట్టుకోవడం మాకు కష్టం కాలేదు. మూడో మాట దగ్గరే చిక్కొచ్చి పడింది.

మా తమ్ముడి కూతురు చిన్ని మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది. నాసిక్‌లో ల్యాబు ఉద్యోగం వచ్చిందంటే మందుల కంపెనీ అనుకున్నాం. చేరిన నెలకు గాని అది వైన్ కార్ఖానా అని చెప్పలేదు. మొదటి జీతంతో తాతకు పంచెల చాపు, నానమ్మకు చీర తెచ్చింది. అమ్మ చీర కట్టుకుంది. బాపు పంచెల చాపు ముట్టలేదు. కాగితం కూడా విప్పకుండా అల్మారాలో పెట్టించాడు. ఆ తర్వాత ఏడాదిపాటు చిన్నితో ఫోన్లో మాట్లాడలేదు. మధ్యలో ఒక మంచి సంబంధం వచ్చింది. అమ్మాయి ఏం పని చేస్తుందని అడిగితే మేము నీళ్లు నమిలాం. వాళ్లు ఎక్కడో తెలుసుకున్నారు, మళ్లీ ఫోన్ రాలేదు. బాపు ఒక్కటే అన్నాడు: "అవ్వ చెప్పలేదా?"

ఈ జనవరిలో చిన్నే స్వయంగా బాపుకు ఫోన్ చేసింది. "తాతా, నన్ను తిట్టు. కని ఒక్కసారి వచ్చి నా పని చూసి తిట్టు." బాపు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "తెంపుడు ఎప్పుడు?" అని అడిగాడు. ఫిబ్రవరి అంది.

రాత్రి బస్సులో పూణె మీదుగా నాసిక్ చేరి, అక్కడి నుంచి జీపులో దిండోరి వెళ్లేసరికి ఇంకా చీకటిగానే ఉంది. తోటలో అప్పటికే పని నడుస్తోంది. తలకు టార్చిలైట్లు కట్టుకున్న ఆడవాళ్లు కత్తెరలతో గుత్తులు కోసి క్రేట్లలో పెడుతున్నారు. ఇంత పొద్దున్నే ఎందుకంటే, పండు చల్లగా ఉన్నప్పుడే కోయాలట. ఎండెక్కాక కోస్తే క్రేట్లలోనే నలిగి పులవడం మొదలవుతుంది.

చిన్ని రబ్బరు బూట్లతో ఎదురొచ్చింది. బాపు కాళ్లకు మొక్కింది. బాపు ఆశీర్వదించాడు గాని మాట కలపలేదు. చిన్ని ఏమీ అనుకోకుండా గుత్తిలోంచి ఒక పండు తెంపి ఆయన చేతిలో పెట్టింది.

మాకు ద్రాక్ష కొత్త కాదు. సోలాపూర్ బజారులో సీజను వస్తే బండ్ల నిండా అదే. కానీ ఈ పండు వేరు. శనగ గింజకంటే కాస్త పెద్దది, నల్లగా, మందమైన తొక్క, లోపల గింజలు. నోట్లో వేసుకుంటే తీపికి పళ్లు జివ్వుమన్నాయి. చిన్ని జేబులోంచి చిన్న దుర్భిణిలాంటి పరికరం తీసి, దాని అద్దం మీద రెండు చుక్కల రసం పిండి, బాపు కంటి దగ్గర పెట్టింది. లోపల గీతల మీద నీడ 24 దగ్గర ఆగింది. రసంలో వందకు దాదాపు 24 పాళ్లు చక్కెర అన్నమాట. దాన్ని బ్రిక్స్ అంటారు. మనం కొని తినే గింజలేని ద్రాక్షలో 18 దాటితే బాగా తీయగా ఉందంటాం. ఈ రకం పేరు షిరాజ్.

తోట రైతు మరాఠీలో చెప్పిన సంగతి మాకు బాగా గుర్తుండిపోయింది. చలిదేశాల్లో మంచు పడితే ద్రాక్షతీగ తనంతట తాను నిద్రపోతుంది. మన దగ్గర నిద్ర లేదు, ఏడాదంతా పెరుగుతూనే ఉంటుంది. అందుకని మనిషే రెండుసార్లు కొమ్మలు కత్తిరించాలి. ఏప్రిల్‌లో ఒకసారి, దాన్ని ఖరడ్ ఛాటణీ అంటారు. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి, దాన్ని గోడీ ఛాటణీ అంటారు. మొదటిది కొమ్మ కోసం, రెండోది పండు కోసం. రెండు కత్తిరింపులకు ఒకే పంట. ఫ్రాన్సులో సెప్టెంబరు ప్రాంతంలో కోస్తే మన దగ్గర జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. మధ్యలో అకాల వాన పడిందా, ఆకుకు డౌనీ తెగులు. దానికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మందు కొడతారు. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు దారి పక్క తీగలకు దొంగలు ముట్టకుండా ఈ నీలం పూత పూసేవాళ్లట. పూత పూసిన తీగలకు తెగులు రాకపోవడం చూసి మిల్లార్డే అనే శాస్త్రవేత్త 1885లో దాన్ని మందుగా లోకానికి చెప్పాడు. మైలుతుత్తం అనగానే బాపు తల తిప్పాడు. అద్దకం పనివాళ్లకు అది తెలిసిన సరుకే.

బాపు ముప్పై ఏళ్లకు పైగా నూలు రంగుల కార్ఖానాలో పని చేశాడు. ఇప్పటికీ చద్దరు చేత్తో తడిమి, అంచు నలిపి, రంగు దిగేదా నిలిచేదా చెప్పగలడు.

అక్కడి నుంచి కార్ఖానాలోకి వెళ్లాం. క్రేట్లు బల్ల మీద బోర్లిస్తే ఇద్దరు మనుషులు ఆకులు, కుళ్లినవి ఏరేస్తున్నారు. తర్వాత ఒక యంత్రం కాడల నుంచి పండ్లను విడదీసి, కొద్దిగా చిదిమి, గొట్టంలోకి పంపుతుంది. చిన్ని ఒక నల్ల పండును వేళ్లతో నొక్కి బాపుకు చూపించింది. రసం నీళ్లలా తెల్లగా కారింది.

"నల్ల పండుల తెల్ల రసమేంది?" అన్నాడు బాపు. పొద్దున్నుంచి ఆయన చిన్నితో అన్న మొదటి మాట ఇదే.

"రంగంతా తొక్కలనే ఉంటది తాతా. తెల్ల వైన్ కావాల్నంటే పండును ముందే పిండి, తొక్క పారేసి, ఒట్టి రసం పులియబెడతం. ఎర్రది కావాల్నంటే తొక్కలతో సహా పులియబెడతం."

"మరి రంగు ఎట్ల దింపుతరు?"

ఇక అక్కడి నుంచి తాతా మనుమరాళ్ల మధ్య మేమెవరం లేనట్టే అయ్యింది.

చిన్ని పెద్ద స్టీలు ట్యాంకు మెట్లెక్కించి మూత తీసి చూపింది. రసం పైన తొక్కలన్నీ తేలి మందంగా గట్టుకట్టి ఉన్నాయి. కింది నుంచి గ్యాసు బుడగలు వాటిని పైకి తోస్తాయి. వాటిని అలాగే వదిలేస్తే పైన ఎండిపోతాయి, రంగు దిగదు, పైగా పులిసి సిర్కా వాసన పడతాయి. అందుకని రోజుకు రెండు మూడుసార్లు కింది రసాన్ని పంపుతో తోడి పైనుంచి తొక్కల మీద పోస్తారు. ఎర్ర వైన్‌కు వేడి 25 డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలి. అంతకన్నా బాగా చల్లగా ఉంటే రంగు సరిగా దిగదు, మరీ వేడెక్కితే పులియబెట్టే జీవులే చచ్చిపోతాయి. తెల్ల వైన్‌ను మాత్రం 15 డిగ్రీల ప్రాంతంలో చల్లగా పులియబెడతారు, లేకపోతే పండు వాసన ఎగిరిపోతుంది. వారం పది రోజులయ్యాక తొక్కలను తీసి పిండేస్తారు.

బాపు వంగి చూడబోతే చిన్ని చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "వంగొద్దు తాతా. లోపలంత బొగ్గుపులుసు గ్యాసు. ఖాళీ ట్యాంకుల దిగి పోయినోళ్లున్నరు. మేము మీటరు పెట్టి చూడంది దిగం."

"మా హౌదుల కాడ గూడ గంతే," అన్నాడు బాపు. "హైడ్రో, కాస్టిక్ కలిపిన రంగునీళ్లు. కొత్త పోరగాండ్లను దగ్గరికి రానియ్యకపోతుంటిమి." కాసేపాగి, "మేము నూలును రంగుల ముంచుతం. మీరు రంగును తెచ్చి రసంల ముంచుతున్నరు," అన్నాడు.

ఆయన పనిలో ఇంకో విద్య ఉంది. వ్యాట్ రంగుల్లో ముంచి తీసిన నూలుకు హౌదులో ఒక రంగు ఉంటుంది, బయటికి తీసి గాలి తగలనిస్తే గాని అసలు రంగు తేలదు. ఆ మాట చెప్పి, మీ దగ్గరా అంతేనా అని అడిగాడు. చిన్ని నవ్వింది. ఇక్కడ గాలి చాలావరకు శత్రువట. పులిసిన తర్వాత ఎక్కువ గాలి తగిలితే రంగు మాడుతుంది, సిర్కా అవుతుంది. అందుకే ట్యాంకులూ పీపాలూ నిండుగా ఉంచుతారు, కొద్దిపాటి గంధకపు గ్యాసు కలుపుతారు.

తర్వాత దాని ల్యాబు. చిన్న గది, గాజు గొట్టాలు, గోడకు ఒక చార్టు. ఇంతకీ పులియబెట్టేది ఎవరు అని అమ్మ అడిగింది. చిన్ని ఈస్టు పొట్లం విప్పి చూపించింది. గోరువెచ్చని నీళ్లలో కలిపి, నురగ వచ్చాక రసంలో పోస్తారు. మనం పాలకు తోడు వేసినట్టే. అది చక్కెరను తిని సగం ఆల్కహాలుగా, సగం గ్యాసుగా మారుస్తుంది. ఈస్టు ప్రాణమున్న జీవి అనీ, పులియడం దాని పనేననీ ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ నిరూపించాడు. వైన్ ఎందుకు చెడిపోతుందో వివరిస్తూ 1866లో పుస్తకమే రాశాడు. తాటికల్లు, ఈతకల్లు కుండలో తమంతట తాము పులిసేది కూడా గాలిలో, కుండలో ఉన్న ఇలాంటి జీవుల వల్లే. ఎవరూ వేయని తోడు అది.

గోడ మీద చార్టులో ప్రతి పొద్దునా రాసిన లెక్కలున్నాయి. మొదటి రోజు 24. తర్వాత 21, 16, 11, అట్లా దిగుతూ సున్నాకు వచ్చింది. చక్కెర అంతా అయిపోయిందన్నమాట. 24 బ్రిక్స్ రసం మొత్తం పులిస్తే వందకు దాదాపు 13 పాళ్లు ఆల్కహాలు తేలుతుంది. ఆ తర్వాత ఎర్ర వైన్‌లో ఇంకో రకం బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. పచ్చి ఆపిల్‌లో ఉండే గట్టి పులుపును పెరుగులో ఉండే మెత్తని పులుపుగా మారుస్తుంది. ఈ మాట అమ్మకు వెంటనే అర్థమైంది.

చివరగా పీపాల గది. ఓక్ చెక్క పీపాలు, ఒక్కొక్కటి 225 లీటర్లు, అంటే 300 సీసాలు. నెలల తరబడి అందులో ఉంటే చెక్క వాసన ఎక్కి, వగరు తగ్గుతుంది.

అక్కడ ఒక బల్ల మీద గ్లాసులు పేర్చి ఉన్నాయి. చిన్ని పీపాలోంచి గాజు గొట్టంతో కొద్దిగా తీసి గ్లాసులో పోసి, వాసన చూసి, నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మేసింది. పుస్తకంలో ఏదో రాసుకుంది. ఇంకో పీపా. మళ్లీ ఉమ్మింది.

బాపు నిలబడిపోయాడు. "ఉమ్మేస్తున్నవా?"

"రోజుకు ముప్పై నలభై చూడాలె తాతా. మింగితే నా లెక్క తప్పుతది."

కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. తర్వాత బాపు అడగాల్సింది అడిగాడు. "పెద్దతాతను చంపింది గూడ గిదే గదా బిడ్డా?"

చిన్ని తప్పించుకోలేదు. దేశీ దారూ కాచి దించింది కాబట్టి అందులో ఆల్కహాలు దీనికి మూడింతల పైనే అని చెప్పింది. "కని తాతా, పేరు వేరైనా లోపలున్నది అదే. ఎక్కువ తాగితే గిది గూడ ఇల్లు కూలుస్తది. కాదని నేను చెప్ప." దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు ఈ పని వచ్చు. దీన్ల రైతుల బతుకున్నది, నా చదువున్నది. తాగుడు సొమ్మంటే నువ్వు చెప్పు, నేను మానేస్త."

ఆ మాట మీద గది అంతా బరువెక్కింది. దాన్ని దించింది అమ్మ.

"పోరీ, మరి నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు తాపించిన దశమూలారిష్టం ఏంది? నా నలుగురు కాన్పులకు అవ్వ తాపించిన ద్రాక్షారిష్టమేంది? తియ్యగ, జెర మత్తుగ ఉంటుండె."

చిన్ని ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. "అది గూడ పులియబెట్టిందే నానమ్మా. ద్రాక్ష కషాయంల బెల్లం, ధాతకీ పూలు వేసి మూతపెడతరు. సీసా మీద రాసే ఉంటది, ఆల్కహాలు దానంతల అదే పుట్టిందని."

"అంటే అవ్వనే..." అని అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. బాపు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఒట్టు వేయించిన అవ్వే, వేయించిన తర్వాత కూడా, బాలింతలందరికీ స్వయంగా కొలిచి తాపించింది. ఆమెకు అది మందు. కొలత ఉంది, వేళ ఉంది, ఎందుకో తెలుసు. ఆమె కోపం ద్రాక్ష మీదా కాదు, పులుపు మీదా కాదు. కొడుకును తీసుకుపోయిన దాని మీద.

ఆ రోజు మాలో ఎవ్వరం గ్లాసు ముట్టలేదు. చిన్ని పోయనూ లేదు. ద్రాక్షరసం ఇచ్చింది, పులియనిది.

తిరుగు ప్రయాణంలో పంచవటిలో ఆగి రామకుండంలో కాళ్లు తడుపుకున్నాం. దిండోరి వైపు నుంచి వచ్చే కాదవా నది కూడా కింద గోదారిలోనే కలుస్తుంది. ఆ నీళ్లే మా ముత్తాతలు వదిలి వచ్చిన ధర్మపురి రేవు మీదుగా పోతాయి. బాపు దోసెడు నీళ్లు తీసుకుని పెద్దబాపు పేరు చెప్పి వదిలాడు. ఇన్నేళ్లలో ఆయన అన్న పేరు పైకి పలకగా మేము వినడం అదే మొదలు.

అయితే అంతా సర్దుకుందని రాస్తే అబద్ధమవుతుంది. మూడో మాట తప్పినట్టా కాదా అని ఇంట్లో ఇంకా వాదన ఉంది. పెద్దమ్మ కొడుకు అయితే గట్టిగా తప్పే అంటాడు. అలా అనే హక్కు అందరికంటే అతనికే ఉంది. మేము జవాబు చెప్పలేదు. మొదటి రెండు మాటలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, ఉంటాయి.

మారింది ఒకటుంది. పోయిన నెల ఇంకో సంబంధం వాళ్లు వచ్చారు. అమ్మాయి ఏం చేస్తుందని అడిగారు. మేము ఎప్పటిలా నీళ్లు నమలబోతుంటే బాపు అందుకున్నాడు. "నాసిక్ కాడ వైన్ కార్ఖానాల. ద్రాక్షతొక్క లోపలి రంగు రసంలకు దింపే పని. మా ఇంటిది రంగుల పనే గదా." వాళ్లు చాయ్ తాగి, ఆలోచించుకుని చెప్తామని వెళ్లారు. ఇంకా ఫోన్ రాలేదు. బాపు దాని గురించి బెంగపడటం లేదు.

పంచెల చాపు ఇంకా అల్మారాలోనే ఉంది. కాగితం మాత్రం విప్పాడు. అంచు నలిపి చూసి, "రంగు నిలుస్తది," అన్నాడట. అమ్మ చెప్పింది.

మీ ఇళ్లలోనూ పెద్దలు పెట్టిన ఇలాంటి ఒట్లు ఉంటాయి. వాటి వెనకున్న మనుషుల కథలు పిల్లలకు చెప్పి పెట్టండి. ఒట్టు ఒక్కటే చెప్పి కథ దాచిపెట్టడం వల్ల మాకు ఒక ఏడాది పోయింది.